చుక్క పెట్టిన చోటల్లా సర్కారుదేనా?

ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ శాఖ దగ్గర ఆర్‌ఎస్‌ఆర్ అనే పాత రిజిస్టరు ఒకటుంది. పూర్తి పేరు రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. బ్రిటిష్ హయాంలో భూములు కొలిచి, శిస్తు నిర్ణయించి, ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో అందులో రాసుకున్నారు. పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో కొన్నిచోట్ల పేరు లేదు. సర్కారు అనీ లేదు. వరసగా చుక్కలు పెట్టి వదిలేశారు.

తరాలు గడిచాక ఆ చుక్కలు రైతుల మెడకు చుట్టుకున్నాయి. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న చేను. అడంగల్‌లో అనుభవదారు పేరుంది, శిస్తు రసీదులున్నాయి, బావి తవ్వించిన గుర్తుంది. కూతురి పెళ్లికి అందులో ఎకరం అమ్ముదామని సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్తే, ఇది చుక్కల భూమి, నిషేధిత జాబితాలో ఉందన్నారు. పేరు లేని గడి సర్కారు గడి అయిపోయింది. 2017లో ఇందుకోసం ప్రత్యేక చట్టం తెచ్చారు. పన్నెండేళ్లకు పైగా అనుభవంలో ఉన్నట్టు రైతు చూపిస్తే అతని పేరు ఎక్కిస్తామన్నారు. 2023లో మరో ప్రభుత్వం 2 లక్షల ఎకరాలకు పైగా చుక్కల భూముల్ని నిషేధిత జాబితా నుంచి తీసేసింది. రైతుకు మేలు చేశామని ఇద్దరూ చెప్పుకున్నారు. చేశారు కూడా, కాదనను. కానీ గడి ఖాళీగా ఉంటే అది సర్కారుదే ఎందుకవ్వాలి, దున్నుతున్నవాడిది ఎందుకు కాకూడదు అన్న మొదటి ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

పౌరులు ప్రభుత్వానికి చెందినవాళ్లా, ప్రభుత్వం పౌరులదా అని అడిగితే రాజ్యాంగ పీఠిక చూపించి మాట ముగించేవాళ్లు ఎక్కువ. రాజ్యాంగాన్ని మనకు మనమే ఇచ్చుకున్నాం, ఆ సంగతి ఎప్పుడో తేలింది, వివాదం లేదు. యజమాని ఎవరో పీఠికలో కంటే చుక్కలు పెట్టిన గడిలో బాగా తెలుస్తుంది. ఎవరిదో తెలియనప్పుడు అది ఎవరికి చెందుతుంది? రుజువు ఎవరు తేవాలి? తప్పు జరిగితే ఎవరు కట్టుకోవాలి? జవాబు ప్రతిసారీ ఒకవైపే మొగ్గుతుంటే, ఎన్నికలు ఎంత ఘనంగా జరిపినా యజమాని మారనట్టే.

మన మాటలే చూడండి. ప్రభువు తనాన్ని ప్రభుత్వం అంటున్నాం. ప్రజ అంటే సంస్కృతంలో సంతానం. అంటే మన నాలుక మీద ఈ బంధం ఏలికకూ బిడ్డలకూ మధ్య ఉన్నది. పౌరుడు అన్న మాట కొంత నయం, పురంలో ఉండేవాడన్న అర్థం తప్ప అందులో ఎవరి కింద అన్నది లేదు. కానీ ఆ మాట వార్తల్లోనూ పాఠ్యపుస్తకాల్లోనూ తప్ప ఊళ్లో వినపడదు. తహసీల్దారు కార్యాలయం బయట చెట్టుకింద కూర్చుని అర్జీలు రాసిపెట్టేవారి కాగితం ఒకటి చదవండి. నమస్కరించి వ్రాయునది ఏమనగా అని మొదలై, దయతో ఇప్పించగలరని ప్రార్థన అని ముగుస్తుంది. అడిగింది ఏమిటయ్యా అంటే, తన పొలం అడంగల్ నకలు. తన డబ్బుతో జీతం తీసుకునే మనిషిని, తన పేరున్న కాగితం ఇవ్వమని ప్రార్థిస్తున్నాడు. నిజాం ఏలుబడిలో బాంచన్ అన్న నోరు, బ్రిటిష్ పాలనలో దొరవారు అన్న నోరు, స్వాతంత్ర్యం వచ్చాక ఆ నోటి మాట మార్చడానికి మనం పెద్దగా కష్టపడలేదు. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత అమ్మ విషయంలో ఎంత నిజమో గానీ, కార్యాలయం విషయంలో అదే నియమావళి.

ఇక చట్టం సంగతి. 1905లో మద్రాసు ప్రభుత్వం భూ ఆక్రమణల చట్టం చేసింది. రోడ్లు, వాగులు, చెరువులు, కాలువలు మొదలుకొని, ఫలానా ఫలానా హక్కుదారులవి మినహా మిగిలిన భూములన్నీ ప్రభుత్వ ఆస్తి అని అందులో రెండో సెక్షను చెబుతుంది. ఆ వాక్యాన్ని కట్టిన తీరు గమనించాలి. ముందు అంతా నాదే, ఆపైన మినహాయింపులు. చుక్కల గడిలో ఉన్నదీ ఇదే బుద్ధి. వలస పాలకుడికి ఇది సహజం, దేశాన్ని గెలుచుకున్నాననుకున్నాడు కాబట్టి. 1947 తర్వాత ఆ చట్టాన్ని మనం పేరు మార్చుకుని అలాగే కొనసాగించాం, రాష్ట్రం విడిపోయాక రెండు వాటాలుగా పంచుకున్నాం కూడా.

కాలపరిమితి చట్టమూ ఇంతే. మీ స్థలంలో పక్కింటాయన పాగా వేస్తే దాన్ని తిరిగి పొందడానికి మీకున్న గడువు 12 ఏళ్లు. అదే ప్రభుత్వం దావా వేయాలంటే 30 ఏళ్లు. 1963కు ముందు 60 ఏళ్లు ఉండేది. మీరు ప్రభుత్వం మీద దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షను ప్రకారం రెండు నెలలు ముందుగా నోటీసు ఇవ్వాలి. అత్యవసరమైతే కోర్టు అనుమతితో మినహాయింపు దొరుకుతుంది. నోటీసు ఎందుకంటే ఆ రెండు నెలల్లో ప్రభుత్వం తన తప్పు తెలుసుకుని సరిదిద్దుకుంటుందట. ఈ రెండు నెలల్లో ఫైలు కదిలి, తప్పు దిద్దుకుని, రైతును పిలిచి కాగితం చేతిలో పెట్టిన తహసీల్దారును నేనింతవరకూ చూడలేదు. ఉంటే వారికి నమస్కారం.

ముప్పై ఏళ్ల గడువును సమర్థించేవాళ్ల వాదన తీసిపారేయదగ్గది కాదు. ప్రభుత్వ భూమి అంటే అందరి భూమి. అందరిది కాబట్టే దానికి కాపలా ఎవరూ ఉండరు. పన్నెండేళ్లే గడువు పెడితే ఊరి చెరువూ, శ్మశానమూ, పశువుల మేత బీడూ ఎప్పుడో పలుకుబడి గలవాళ్ల పట్టాల్లోకి వెళ్లిపోయేవి. హైదరాబాదు చుట్టూ ఉన్న చెరువుల్ని చూసినవాళ్లెవరూ ఈ మాటను కాదనలేరు. కంచె బలంగా ఉండాలి. కానీ కంచె ఎక్కడ వేయాలో ఒకవైపు మనిషే నిర్ణయించుకుంటే అది కంచె కాదు, ఆక్రమణ.

తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రాను ఏర్పాటు చేసినప్పుడు చాలామంది చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చెరువును మింగినవాడి కట్టడం కూలితే ఎవరికి బాధ? కొద్ది వారాలకే అమీన్‌పూర్‌లో ఆదివారం పూట కూల్చివేతలేమిటని హైకోర్టు అధికారుల్ని నిలబెట్టి అడగాల్సి వచ్చింది. అదే ఏడాది నవంబరు 13న సుప్రీంకోర్టు బుల్డోజరు కేసులో కనీసం 15 రోజుల నోటీసు లేనిదే ఇల్లు కూల్చరాదని చెప్పింది. రోడ్లు, నదులు, నీటి వనరుల మీది అక్రమ కట్టడాలకు మాత్రం ఆ రక్షణ వర్తించదంది. అక్కడే మళ్లీ మొదటికొస్తాం. ఇది చెరువు శిఖమా, పట్టా భూమా అన్నదే తగాదా అయినప్పుడు, ఎఫ్‌టీఎల్ (చెరువు నిండు మట్టం) గీత గీసేది ఎవరు? ప్రభుత్వమే. ఆ గీత సరైనదేనని తేల్చేది? అదీ ప్రభుత్వమే. పోనీ గీత తప్పని తేలితే? అప్పటికి ఇల్లు ఉండదు.

దీనికి జవాబు 1982లోనే హైదరాబాదు నుంచి వెళ్లిన ఒక కేసులో ఉంది. హబ్సిగూడలో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం నిజాం కాలంలో సేకరించిన భూముల్లో కొన్ని తమవని తుమ్మల కృష్ణారావు వర్గం వాదించింది. వాళ్లను 1905 చట్టం కింద చకచకా ఖాళీ చేయించాలని ప్రభుత్వం చూసింది. కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. హక్కు మీద నిజమైన వివాదం ఉన్నప్పుడు ఆస్తి తనదేనని ప్రభుత్వం తనకు తానే తీర్పు చెప్పుకుని, ఆ తీర్పును ఆధారం చేసుకుని మనిషిని వెళ్లగొట్టకూడదు. అందరిలాగే సివిల్ కోర్టుకు వెళ్లి రుజువు చేసుకోవాలి. అందరిలాగే అన్నదే ఇందులో కీలకం.

1997 జులైలో వచ్చిన సమతా తీర్పు ఇంకో మెట్టు ఎక్కింది. విశాఖ ఏజెన్సీలో అనంతగిరి మండలం, బొర్రా ప్రాంతపు గిరిజన గ్రామాల్లో ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు ఇచ్చారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతర వ్యక్తికి భూమి బదలాయించకూడదని మన రాష్ట్ర నిబంధన. ప్రభుత్వం వాదన ఏమిటంటే, నిషేధం వ్యక్తులకే, నేను వ్యక్తిని కాను. వ్యక్తి అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉందని ధర్మాసనంలో మెజారిటీ తేల్చింది. గిరిజనుడి భూమి విషయంలో సర్కారు కూడా ఒక గిరిజనేతరుడే. రాజ్యాన్ని సింహాసనం మీద నుంచి దించి నేల మీద నిలబెట్టిన తీర్పుల్లో దీన్ని మించింది తెలుగు నేల మీద మరొకటి పుట్టలేదని నా అభిప్రాయం.

భూమి దాకా ఎందుకు, ఒంటి మీద హక్కు కూడా కోర్టులో ప్రశ్న అయింది. 2017 మే నెలలో పాన్ కార్డుకు ఆధార్ తప్పనిసరి చేసిన కేసులో, పౌరులకు తమ శరీరం మీద సంపూర్ణ హక్కు ఉందనుకోవడం భ్రమ అని కేంద్రం తరఫున అటార్నీ జనరల్ వాదించారు. సంపూర్ణ హక్కు ఏదీ ఉండదన్నది నిజమే, తాగి బండి నడిపితే గొట్టంలో ఊదమంటారు, ఊదాల్సిందే. కానీ ఆ వాదన తీరు చూస్తే ఆర్‌ఎస్‌ఆర్ గడి గుర్తొస్తుంది. ముందు అంతా నాదే, ఆపైన నీకు మినహాయింపులు. నాలుగు నెలలు తిరక్కుండా, ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించారు. రిటైరైన హైకోర్టు న్యాయమూర్తి కె.ఎస్.పుట్టస్వామి ఎనభై దాటిన వయసులో వేసిన పిటిషన్ అది.

ఆ తీర్పు ఇంకో పాత బాకీ కూడా తీర్చింది. ఎమర్జెన్సీ కాలంలో, నిర్బంధంలో ఉన్నవాళ్లు హెబియస్ కార్పస్ కోరవచ్చా అన్న కేసు విచారణ. వ్యక్తిగత కక్షతో ఒక పోలీసు ఎవరినైనా చంపినా బాధితుల తరఫువారికి కోర్టులో దిక్కు లేదా అని జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా అడిగారు. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదని అప్పటి అటార్నీ జనరల్ నిరేన్ డే ఒప్పుకున్నారు. అయిదుగురిలో నలుగురు ప్రభుత్వం పక్షానే తీర్పు రాశారు. విభేదించిన ఖన్నాను దాటవేసి 1977 జనవరిలో ఆయన కంటే జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. పౌరుడి ప్రాణం ప్రభుత్వ ఖాతాలో జమ అని మన దేశంలో న్యాయస్థానం ఒప్పుకున్న రోజేదైనా ఉంటే అది ఆ 1976 ఏప్రిల్ 28. ఆ నలుగురిలో జస్టిస్ వై.వి.చంద్రచూడ్ ఒకరు. దాన్ని 2017లో కొట్టేసిన ప్రధాన తీర్పు రాసింది ఆయన కొడుకు.

అయితే ఇలాంటి మహా తీర్పుల కంటే చిన్న కేసులే నాకు ఎక్కువ చెబుతాయి. 1947 సెప్టెంబరులో అమృత్‌సర్ బంగారు వ్యాపారి ఒకరు సరుకు అమ్ముకోవడానికి మీరట్ వచ్చారు. అర్ధరాత్రి బజారులో పోలీసులు ఆపి, అనుమానం మీద స్టేషనుకు తీసుకెళ్లి, 103 తులాల పైచిలుకు బంగారం, కొంత వెండి స్వాధీనం చేసుకున్నారు. మర్నాడు వదిలేశారు. వెండి తిరిగిచ్చారు. బంగారం ఇవ్వలేదు. దాన్ని కాపాడాల్సిన హెడ్ కానిస్టేబులే కాజేసి పాకిస్తాన్‌కు పారిపోయాడు. కంచే చేను మేసింది. నా బంగారమో, దాని ఖరీదో ఇవ్వండని వ్యాపారి దావా వేస్తే, పదిహేడేళ్లకు, 1964లో సుప్రీంకోర్టు ఏమందంటే: పోలీసులు నిర్లక్ష్యంగా ఉన్న మాట నిజమే, కానీ అరెస్టు చేయడం, సరుకు పట్టుకోవడం సార్వభౌమాధికార విధులు, ఆ విధుల్లో జరిగిన తప్పుకు ప్రభుత్వం బాధ్యత వహించదు. ఈ సూత్రానికి మూలం 1861లో ఈస్టిండియా కంపెనీ వారసత్వం మీద కలకత్తాలో వచ్చిన తీర్పు. చట్టం మార్చుకోండని సలహా మాత్రం 1964 నాటి ధర్మాసనం ఇచ్చింది.

చట్టం మారలేదు. ఆ సూత్రానికి గండి కొట్టింది మన రాష్ట్రం నుంచి వెళ్లిన రెండు కేసులు. ఎన్.నాగేంద్రరావు అనే వ్యాపారి ఎరువులు, ధాన్యం నిల్వల్ని 1975లో నిత్యావసర సరుకుల చట్టం కింద పట్టుకున్నారు. చివరికి చాలా భాగం విడుదల చేయమని ఆదేశం వచ్చేసరికి సరుకు పాడైపోయింది. పట్టుకున్నది సార్వభౌమాధికారంతో, నష్టం మా పని కాదని ప్రభుత్వం మళ్లీ ఆ పాత పాటే పాడింది. 1994లో సుప్రీంకోర్టు వినలేదు. ప్రజలే సార్వభౌములైన దేశంలో ప్రభుత్వం ఆ పేరు చెప్పుకుని ప్రజలకే నష్టం కట్టనంటే చెల్లదంది.

రెండోది ఇంకా చేదు కథ. కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్ జైల్లో, 1977 మే నెలలో ఒక తెల్లవారుజామున కొందరు చొరబడి ఏడో నంబరు గదిలోకి బాంబులు విసిరారు. విచారణ ఖైదీ చల్లా చిన్నపరెడ్డి చనిపోయారు. అదే గదిలో ఉన్న కొడుకు గాయాలతో బయటపడ్డారు. కక్షలున్న ప్రాంతం, ప్రాణభయం ఉందని తెలిసిన మనిషి, కాపలా మాత్రం లేదు. కుటుంబం దావా వేస్తే జైళ్లు నడపడం కూడా సార్వభౌమ విధే, మేం బాధ్యులం కామని ప్రభుత్వ వాదన. హైకోర్టు 1 లక్షా 44 వేల రూపాయలు కట్టమంది. రాష్ట్రం దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్లి 2000 ఏప్రిల్‌లో ఓడిపోయింది. ఇరవై మూడేళ్లు! బందీగా తన చేతుల్లో ఉన్న మనిషి ప్రాణానికి జవాబు చెప్పనని, ఆ మనిషి కట్టిన పన్నులతోనే లాయర్లను పెట్టుకుని, ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వాదించింది.

కోర్టుల్లో ప్రభుత్వం మెల్లమెల్లగా పౌరుడిదవుతోంది, కార్యాలయాల్లో మాత్రం పౌరుడే ఇంకా ప్రభుత్వానికి చెందినవాడు. ఈ రెంటి మధ్య దూరమే మన ప్రజాస్వామ్యం కథ. కోర్టుకు వెళ్లగలిగినవాడు ఒకడైతే, కార్యాలయం మెట్లెక్కేవాళ్లు వేలమంది.

ఇచ్చేటప్పుడూ అంతే. లబ్ధిదారు అన్న మాట ఈ పాతికేళ్లలో పౌరుడన్న మాటను దాదాపు మింగేసింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఖజానా డబ్బుతో ఇచ్చే ప్రతిదాని మీదా నాయకుడి పేరు, బొమ్మ. పార్టీలన్నీ ఇందులో ఒకే తానులో గుడ్డలు. భూముల రీసర్వే తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో పట్టాదారు పాస్‌పుస్తకం మీద అప్పటి ముఖ్యమంత్రి ఫోటో అచ్చయింది, సరిహద్దు రాళ్ల మీదికీ ఆ గుర్తింపు ఎక్కింది. 2024లో ప్రభుత్వం మారాక పాస్‌పుస్తకం మీదికి రాజముద్ర వచ్చింది. వ్యక్తి బొమ్మ కంటే అది మేలు, సందేహం లేదు. మరి ఆ పుస్తకం మీద మొదట కనపడాల్సింది రైతు పేరు కదా అని అడిగినవాళ్లు తక్కువ. ప్రభుత్వ ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఫోటోలే ఉండాలని సుప్రీంకోర్టు 2015లో అంటే, ముఖ్యమంత్రులూ మంత్రులూ కూడా ఉండవచ్చని మరుసటి ఏడాదే సడలించాల్సి వచ్చింది. సడలించమని అడిగింది ప్రభుత్వాలే.

లెక్క అడిగే హక్కును 2005లో చట్టం చేసుకున్నాం. 10 రూపాయలు కట్టి అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి, ఎందుకు అడుగుతున్నావని అడగకూడదు. అర్జీకీ దరఖాస్తుకూ మధ్య తేడా చూపిన చట్టం అదొక్కటే, అందుకే ప్రభుత్వాలకు అది మింగుడు పడదు. జవాబు రాకపోతే వినాల్సిన తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా, 2025 దాకా, కమిషనరన్నవాడే లేకుండా గడిచింది. చట్టాన్ని రద్దు చేయనక్కర్లేదు, కుర్చీ ఖాళీగా పెడితే చాలు.

ఇప్పుడు అడగాల్సినవి రెండున్నాయి. ఒకటి నిషేధిత జాబితాది. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షను కింద కలెక్టరు పంపిన జాబితాలో సర్వే నంబరు పడిందంటే ఆ భూమి అమ్మకం, తనఖా ఆగిపోతాయి. తన భూమి జాబితాలో చేరిన సంగతి రైతుకు చాలాసార్లు రిజిస్ట్రారు చెప్పేదాకా తెలియదు. అడంగల్‌లోనో పహాణీలోనో పేరున్న మనిషికి ముందుగా నోటీసు ఇచ్చి, అతని మాట విని, కారణం రాసి, ఆ తర్వాతే జాబితాలో చేర్చాలి. చేర్చినది తప్పని తేలితే ఆ నష్టం ప్రభుత్వం కట్టాలి. తెలంగాణ భూ రికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చింది, ఆంధ్రలో టైట్లింగ్ చట్టం వచ్చి రద్దయింది. పోర్టళ్ల పేర్లు ఎన్ని మారినా రుజువు భారం రైతు మీది నుంచి దిగలేదు.

రెండోది ప్రభుత్వ తప్పులకు పరిహారం చట్టం. ఇది కావాలని మన లా కమిషన్ తన మొట్టమొదటి నివేదికలోనే, 1956లో చెప్పింది. 1960ల్లో లోక్‌సభకు బిల్లు రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ మురిగిపోయింది. రాజుకు తప్పు అంటదన్న సూత్రాన్ని మనకు అంటగట్టిన బ్రిటన్, 1947లోనే చట్టం చేసి దాన్ని వదిలించుకుంది. బంగారం కేసులో అయిదుగురు న్యాయమూర్తులు తీర్పు చెబితే, దానికి ఇక విలువ లేదన్నది ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం. అందుకే ప్రభుత్వ న్యాయవాదులు ఇప్పటికీ ఆ పాత తీర్పును బయటికి తీయగలుగుతున్నారు. ఢిల్లీ కోసం ఎదురుచూడాల్సిన పని కూడా లేదు. ఇలాంటి తప్పులకు పరిహారం విషయం రాజ్యాంగం ఏడో షెడ్యూలులో, ఉమ్మడి జాబితా ఎనిమిదో అంశంగా ఉంది. అమరావతి శాసనసభ గానీ హైదరాబాద్ శాసనసభ గానీ వచ్చే సమావేశంలోనే బిల్లు పెట్టుకోవచ్చు. మీ నియోజకవర్గం ఎమ్మెల్యే ఈసారి గడప తొక్కినప్పుడు ఆ బిల్లు ఎప్పుడని అడగండి. ప్రార్థన అన్న మాట మాత్రం వాడకండి.